నిప్పు పెట్టిందెవరో చెప్పకూడదు

ముప్పై మూడేళ్ళుగా నా పని నాటకం మొదలవకముందు మాట్లాడటం. దాన్ని ప్రస్తావన అంటారు. మూసిన తెర ముందు ఒక కుర్చీ, కుర్చీ పక్కన నేను. వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టి, ఇది ఎప్పటి కథో, ఎవరెవరు వస్తారో చెప్పి, వాళ్ళు దగ్గులూ గుసగుసలూ ఆపి ఇటు చూసేదాకా ఓపిక పట్టి, తెర వెనక నుంచి మా అక్క గంట మోగించగానే పక్కకి తప్పుకోవాలి. గంట మోగకపోతే మోగేదాకా సాగదీయాలి. ఎవరికో జడ కుదరదు, ఎవరికో మీసం అంటుకోదు, అదంతా బయట జనానికి తెలియకుండా చూసే పూచీ నాది.

ఈ జబ్బు ఇంట్లో కూడా వదల్లేదని మా ఆవిడ అంటుంది. పాలు విరిగిపోయాయని చెప్పడానికి నేను పాలవాడు సైకిలు దిగడం దగ్గర్నుంచి ఎత్తుకుంటానట. "ప్రస్తావన చాలు గానీ, పాలున్నాయా లేవా, అది చెప్పండి" అంటుంది. ఇన్నేళ్ళు అలవాటైన నోరు, ఒక్కసారిగా అసలు సంగతికి రమ్మంటే ఎలా వస్తుంది.

మా నాన్నగారికి ప్రస్తావన అన్న మాట మీద వల్లమాలిన ప్రేమ. రాసిన నాటకం ఒక్కటే గానీ, నాటకానికి ముందు ఏముండాలన్నదాని మీద గంటలు గంటలు చెప్పేవారు. పుస్తకానికైతే పీఠిక అను, ముందుమాట అను, తొలిపలుకు అను, చదివేవాడు వేలు తడిచేసుకుని నాలుగు కాగితాలు ఒకేసారి తిప్పేస్తాడు. ప్రస్తావనని అలా తిప్పెయ్యడానికి లేదు, కుర్చీలో కూర్చున్నవాడు ఎక్కడికి పోతాడు అనేవారు. పాత నాటకాల్లో సూత్రధారుడు వచ్చి, నటిని పిలిచి, ఎండ గురించో వెన్నెల గురించో నాలుగు మాటలాడి, మధ్యలో కవి పేరు జొనిపి, లోపల ఏదో అలికిడి విన్నట్టు తల తిప్పి "అదుగో వస్తున్నారు" అని తప్పుకునేవాడట. ఇంకెక్కడో దేశాల్లో ప్రస్తావన చెప్పేవాడు కథంతా ముందే చెప్పేసేవాడట, చివర ఎవరు చస్తారో దానితో సహా. అది విన్నాక కూడా జనం కదలకుండా కూర్చుని చూసేవాళ్ళట.

"వాళ్ళ జనానికి ఓపికెక్కువ. మనవాళ్ళకి చివర తెలిసిందా, చెప్పులేసుకుంటారు" అని నాన్నగారు తేల్చేసేవారు. అందుకని నాకు పెట్టిన నియమం ఒకటే. ఏమైనా చెప్పు, ఎంతసేపైనా చెప్పు, నిప్పు పెట్టిందెవరో మాత్రం చెప్పకూడదు.

నాటకం పేరు గోదాము. కరువు ఏడాదిలో ఒక ధాన్యం గోదాము కాలిపోతుంది. తాళంచెవి ఉన్నది గోదాము చూసుకునే ఆవిడ ఒక్కదాని దగ్గరే. విచారణకి ఒక అధికారి వస్తాడు. గోదాములో పనిచేసేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, వినేవాళ్ళకి పూటకొకరి మీద అనుమానం వచ్చేట్టు తలా ఒక మాట చెబుతారు. చివరి రంగంలో అధికారి ఆవిడని మూడుసార్లు అడుగుతాడు, నిప్పు పెట్టిందెవరని. రెండుసార్లు ఆవిడ నోరు విప్పదు. మూడోసారి "నేనే" అంటుంది. అని, నడుము దగ్గర దోపుకున్న తాళంచెవి తీసి బల్ల మీద పెడుతుంది. దాంతోపాటు కాలిన గుడ్డముక్క ఒకటి జారి పడుతుంది. గళ్ళ చొక్కా ముక్క. మొదటి రంగం నుంచీ ఆ చొక్కా వేసుకుని తిరిగినవాడు ఆవిడ పెంచి పెద్దచేసిన తమ్ముడు. అప్పుడు జనం "ఆఁ" అంటారు, చప్పట్లు కొడతారు, నేను తాడు లాగి తెర వేస్తాను.

ఆ ఆవిడ వేషం మా అక్కది. ముప్పై మూడేళ్ళుగా అక్కదే.

నాటకం వేసిన మొదటి ఏడాది ఒకరోజు, జడ విప్పుకుంటూ అక్క నన్ను అడిగింది. "చప్పట్లు నాకా, ఆ గుడ్డముక్కకా?"

"నీకే అక్కా" అన్నాను.

"నువ్వు చూశావా?"

నేను తాడు దగ్గర ఉంటాను, నాకు ఆవిడ వీపే కనిపిస్తుంది. ఆ మాటే చెప్పాను. అక్క ఆ తర్వాత ఏడాదికోసారైనా అదే ప్రశ్న ఎవరో ఒకరిని అడుగుతూనే ఉండేది, బావ బతికున్నప్పుడు బావని, తర్వాత మేకప్ ఆవిడని, ఒకసారి మమ్మల్ని ఇంటికి దింపిన ఆటో అతన్ని కూడా. అందరూ నీకే అన్నారు. అక్క నమ్మలేదు. గుడ్డముక్క పడనంతవరకూ చప్పట్లు లేని హాలు, అది పడగానే దద్దరిల్లితే తను మాత్రం ఎలా నమ్ముతుంది.

మొదట్లో మేం పదకొండుమందిమి. ప్రస్తావన తొమ్మిది నిమిషాలు. మొట్టమొదట కావలివాడి వేషం ఆయన మానేశాడు, ఆయనకి వేరే ఊళ్ళో బీమా కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కొత్త మనిషి దొరికేదాకా ఆ రంగాన్ని నాలుగు ముక్కల్లో నువ్వే ప్రస్తావనలో చెప్పెయ్యరా అంది అక్క. కొత్త మనిషి దొరకలేదు. తర్వాత బస్తాలు కుట్టే మొగుడూ పెళ్ళాల వేషాలు వేసేవాళ్ళు, నిజంగానే మొగుడూ పెళ్ళాలు, టీవీ సీరియల్లోకి వెళ్ళిపోయారు. వాళ్ళ తగువంతా నా నెత్తిన పడింది. నవ్వించే ముసలాయన చచ్చిపోయాడు పాపం. ఆయన జోకులు నేను చెబితే ఒక్కడు నవ్వలేదు, అయినా కథకి కావాలి కాబట్టి చెప్పేవాణ్ణి. నాన్నగారు పోయినప్పుడు మాత్రం ప్రస్తావన పెరగలేదు, ఆయన వేషం వెయ్యరు కాబట్టి. రెండేళ్ళ కిందట అధికారి వేషం వేసే పోస్టుమాస్టరు మంచం పట్టాక, ప్రస్తావన అయిపోగానే మూడు అడుగులు ఎడమకి వేసి, కళ్ళజోడు పెట్టుకుని, అధికారిని కూడా నేనే అయ్యాను. అప్పటికి ప్రస్తావన నలభై నిమిషాలు, నాటకం ఇరవై.

నాకు విసుగొచ్చిందని చెబితే తప్పేముంది. నలభై నిమిషాలు నిలబడి, లేని మనుషులందరి మాటలూ నేనే చెప్పి, గొంతు బొంగురుపోయి, కాళ్ళు పీకుతూ ఇంటికి వెళ్ళేవాణ్ణి. చెబుతున్నప్పుడు నా మనసు అందులో ఉండేది కాదు. ఒక ముక్క అయిపోగానే "ఆ తర్వాత ఏమైందంటే" అని దానంతటదే రెండో ముక్క నోటికొచ్చేది. ఆ మధ్య ఒకసారి ప్రస్తావన చెబుతూనే, ఇంట్లో వాషరు పోయిన కుళాయి గురించి ఆలోచించి, ఏ సైజు వాషరు కొనాలో కూడా తేల్చుకున్నాను.

పోయిన నెల తమ్ముడి వేషం వేసేవాడు కూడా మానేశాడు. "యాభై రెండేళ్ళొచ్చాయండీ, మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంకా ఎవరికో తమ్ముణ్ణేనా" అన్నాడు. కోపంతో కాదు, అలిసిపోయి అన్నాడు. గళ్ళ చొక్కా ఇస్త్రీ చేసి, మడతపెట్టి, అక్క చేతికిచ్చి వెళ్ళాడు. వాడి వెనక మిగిలింది ఒక్క రంగం. దాని దగ్గరే మాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ రంగంలో మాటల్లేవు. తెల్లారగట్ల తమ్ముడు ఇంటికొస్తాడు. అక్క చెంబుతో నీళ్ళు పోస్తుంటే చేతులు కడుక్కుంటాడు, పడుకుంటాడు. అంతే. చూసేవాళ్ళకి పని నుంచి వచ్చిన కూలివాడు కనిపిస్తాడు. చివర గుడ్డముక్క పడ్డప్పుడు గానీ ఆ చేతులు ఎందుకంతసేపు కడిగాడో తట్టదు. కళ్ళకి చూపిస్తే ఇదంతా దాగుతుంది. నోటితో చెబితే దాగదు.

"తమ్ముడు తెల్లారగట్ల ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాడు, అని చెబుతా" అన్నాను అక్కతో.

"చేతులు కడుక్కున్నాడని పనిగట్టుకుని చెప్తే, ఎందుకు చెప్తున్నావో పసిపిల్లకైనా తెలిసిపోతుంది."

"పోనీ, ఆ ముక్క తీసేస్తా."

"తీసేస్తే చివర్న పడ్డ ముక్క ఎవడి చొక్కాదో ఎవరికి తెలుస్తుందిరా."

అదీ నిజమే. నాలుగు రకాలుగా రాసుకెళ్ళాను, నాలుగూ అక్క తిప్పికొట్టింది. చివరికి నలుగురి తెల్లవారుజాములు కలిపి చెప్పేట్టు కుదుర్చుకున్నాం. కావలివాడు పళ్ళు తోముకున్నాడు, బస్తాలు కుట్టే ఆవిడ పొయ్యి ముట్టించింది, గళ్ళ చొక్కా తమ్ముడు దుమ్ము కడుక్కుని పడుకున్నాడు, ముసలాయన దగ్గుతూ లేచాడు. ఆ గుంపులో తమ్ముడు ఎవరి కంటా పడడు. చొక్కాని రంగం మీద ఒక మేకుకి తగిలిస్తే, అది ఎవరిదో గుర్తుంటుంది.

"ఈ ఆదివారంతో ఆపేద్దాం" అంది అక్క ఆ రోజే. "ఇద్దరితో నాటకమేంట్రా. దాన్ని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడం అంటారు."

నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే గుండెల మీంచి బస్తా దింపినట్టయింది. అక్క మాత్రం లేవబోతూ మళ్ళీ కూర్చుంది.

"నాకు మిగిలింది ఆ చివరి రంగం ఒక్కటేరా. మిగతాదంతా నువ్వే చెప్పుకో. అది మటుకు సరిగ్గా జరగనివ్వు. ఈసారైనా తెలుస్తుందేమో చూస్తాను."

ఏం తెలియాలో నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆట. గ్రంథాలయం మేడ మీద హాలు. కింద చదువుకునేవాళ్ళు ఉంటారు కాబట్టి కుర్చీలు ఈడ్చవద్దని గోడ మీద రాసి ఉంటుంది. వచ్చింది నలభై ఒక్కమంది. అందులో సగం ఎండకి తట్టుకోలేక పంకా కోసం ఎక్కినవాళ్ళని మొహాలే చెబుతున్నాయి. ముందు వరసలో పొద్దుటి డ్యూటీ దిగి వచ్చిన బస్సు కండక్టరమ్మ ఒకావిడ, యూనిఫాం తీయకుండానే, టికెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని, చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుని కూర్చుంది. రెండో నిమిషానికే నిద్రపోతుందనుకున్నాను. పోలేదు.

తెర వెనక అక్క ఒక్కతే. మేకప్ ఆవిడ మానేసి ఏడాదయింది. అక్క వేళ్ళు పొద్దున్నే వాచిపోయి ఉంటాయి, హుక్కులు పట్టవు, విగ్గుకి పిన్నులు దిగవు. మా ఆవిడని తోడు తెస్తానంటే వద్దంది. వేషం కట్టుకునేటప్పుడు పక్కన ఇంకో మనిషుంటే తన నోట్లో మాటలు పోతాయట. ఉన్న మాటలు ఒక్క "నేనే" కదక్కా అన్నాను. ఆ ఒక్కటే పోతుందిరా అంది.

ప్రస్తావన బాగానే నడిచింది. కావలివాడు వచ్చాడు, వెళ్ళాడు. బస్తాలు కుట్టేవాళ్ళు తగువులాడుకున్నారు. ముసలాయన జోకుకి ఎప్పటిలాగే ఎవరూ నవ్వలేదు. తెల్లవారుజాముల గుంపు కూడా గండం గడిచినట్టు దాటించాను. యాభై నిమిషాలయింది. ఇక చెప్పాల్సింది ఏమీ లేదు. గంట మోగలేదు.

సరే, సాగదీశాను. ఆ రోజుల్లో బస్తా ఎంత బరువుండేదో చెప్పాను. గోదాముకి ఎన్ని కిటికీలుండేవో చెప్పాను, నాకు తెలియకపోయినా చెప్పాను. తెర వెనక పిన్నులు నేల మీద రాలిన చప్పుడైంది. అక్క కిందికి వంగి ఏరుకుంటోందన్నమాట. వంగితే లేవడానికి ఆవిడకి ఒక నిమిషం పడుతుంది. వెనక వరసలో ఎవరో వాచీ చూసుకున్నారు. నాకు ఎడమ మోకాలు సలుపుతోంది. కుర్చీ నా పక్కనే ఉంది గానీ ప్రస్తావన చెప్పేవాడు కూర్చోకూడదు, అదీ నాన్నగారి నియమమే. అలవాటుగా "ఆ తర్వాత ఏమైందంటే" అన్నాను. తర్వాత ఏమీ లేదు. పక్కకి చూస్తే తెర అంచు సందులోంచి మేకుకి వేలాడుతున్న చొక్కా కనిపించింది.

"తమ్ముడు చేతులు కడుక్కున్నాడని చెప్పాను కదా" అన్నాను. "చాలాసేపు కడుక్కున్నాడు. కిరోసిన్ వాసన అంత తొందరగా పోదు. పనిలోంచి తీసేశారని వాడికి కడుపుమంట. అక్క నీళ్ళు పోస్తూనే ఉంది. ఒక్క మాట అడగలేదు. అడగడానికేముంది, తెలుస్తూనే ఉంది. నిప్పు పెట్టింది వాడే."

"అయ్యో" అంది కండక్టరమ్మ, తనలో తను అనుకున్నట్టు.

అప్పుడు తెలిసింది నాకు నేనేం చెప్పానో. ఆ క్షణంలోనే గంట కూడా మోగింది.

తెర లాగడానికి నా చేతులు రాలేదు. లాగకుండా ఎంతసేపు నిలబడతాను. లాగాను. బల్ల, దాని పక్కన అక్క. తెర పాత గుడ్డ, దానికి ఇవతల మాట్లాడింది అవతల వినిపించకుండా ఎలా ఉంటుంది. అక్క నన్ను ఒక్క చూపు చూసింది. అరవై నాలుగేళ్ళ ఆ మొహం చూడలేక మూడడుగులు ఎడమకి వేశాను, కళ్ళజోడు పెట్టుకున్నాను, బల్ల వెనక కూర్చున్నాను. ముప్పై మూడేళ్ళు నోరు కట్టేసుకుని ఉండి, ఆఖరి రోజున ఆవిడకి మిగిలిన ఒక్కగానొక్క రంగాన్ని నా చేతులారా తగలబెట్టాను.

అధికారి తల ఎత్తకూడదు. కాగితం మీద రాసుకుంటూనే అడగాలి, నాన్నగారి రాతలో అలాగే ఉంది. రెండేళ్ళుగా అలాగే చేస్తున్నాను కాబట్టి, ఎదురుగా కూర్చుని కూడా నేను ఈ రంగంలో అక్క మొహం ఎన్నడూ చూడలేదు.

"నిప్పు పెట్టిందెవరు?" అన్నాను కాగితంతో.

అక్క మాట్లాడలేదు. మామూలుగా ఇక్కడ జనం కదులుతారు. పక్కవాళ్ళ చెవులు కొరుకుతారు, కావలివాడే అయ్యుంటాడని ఒకరు, కాదు బస్తాల ఆవిడని ఒకరు. ఇవాళ ఆ చప్పుడు లేదు. లేచి వెళ్ళిపోయారేమో అనుకున్నాను. పంకా కిర్రుమనడం, కింద గదిలో ఎవరో పుస్తకం బల్ల మీద పెట్టడం కూడా వినిపించింది.

"నిప్పు పెట్టిందెవరు?"

అక్క మాట్లాడలేదు. హాల్లో ఎవరూ దగ్గలేదు. నేను మూడోసారి అడగడానికి నోరు తెరిచేలోపు ముందు వరసలోంచి మాట వచ్చింది.

"చెప్పెయ్యమ్మా. నీ తమ్ముడే కదా. వాడు చేసింది నువ్వెందుకు మోస్తావు."

కండక్టరమ్మ. కిక్కిరిసిన బస్సులో, ముందుకి జరగండి అని చెప్పే గొంతు అది. గట్టిగా అరవలేదు, అయినా చివరి కుర్చీదాకా వెళ్ళింది. ఎవరో ఉష్ అన్నారు. ఇంకెవరో, "ఆవిడన్నదాంట్లో తప్పేముంది" అన్నారు. ఇన్నేళ్ళలో చూసేవాళ్ళలో ఒక్కరు మధ్యలో మాట్లాడింది లేదు. ఏం చెయ్యాలో నాన్నగారు రాసిపెట్టలేదు. నేను తల ఎత్తాను.

అక్క కండక్టరమ్మ వైపు చూస్తోంది. విగ్గు కొద్దిగా పక్కకి జరిగి ఉంది, పిన్ను సరిగ్గా దిగలేదు. ఆ మొహంలో నటన అని వేలు పెట్టి చూపించడానికి ఏమీ లేదు. ఎదటివాళ్ళు చెప్పేది సబబే అని తెలిసి, వాళ్ళ మాట వినడానికి కుదరనివాళ్ళు ఎలా చూస్తారో అలా చూస్తోంది. ఎంతసేపు చూసిందో నేను చెప్పలేను. నలభై ఒక్కమందిలో ఒక్కరు కళ్ళు తిప్పలేదు. నేనూ తిప్పలేదు.

మూడోసారి నేను అడగాలి. కాగితం వదిలేసి, ఆవిడనే చూస్తూ అడిగాను.

"నిప్పు పెట్టిందెవరు?"

అక్క జవాబు నాకు చెప్పలేదు, కండక్టరమ్మకి చెప్పింది.

"తెలుసమ్మా. అయినా నేనే."

ఆ మొదటి మాట నాటకంలో లేదు. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. గుడ్డముక్క పడలేదు. పడనివ్వలేదు, పిడికిట్లో పట్టుకుంది. తాడు లాగాలన్న సంగతి నేను మర్చిపోయాను. కాసేపు నిలబడి, తెర పడకపోయేసరికి, అక్క తనంతట తనే వెనక్కి తిరిగి నడిచి వెళ్ళిపోయింది. ఆవిడ లోపలికి వెళ్ళాక చాలాసేపటికి చప్పట్లు మొదలయ్యాయి. మొదలయ్యాక ఆగలేదు. కండక్టరమ్మ మాత్రం కొట్టలేదు. ఆవిడ పమిటతో కళ్ళు ఒత్తుకుంటూ, కాలితో చెప్పులు వెతుక్కుంటోంది.

నేను లోపలికి వెళ్ళేసరికి అక్క స్టూలు మీద కూర్చుని విగ్గు పిన్నులు తీస్తోంది. క్షమాపణ ఎక్కడ మొదలుపెట్టాలో దారంతా కూర్చుకునే వెళ్ళాను. గంట మోగడం ఆలస్యం కావడం, మోకాలు, చొక్కా కనబడటం, అన్నీ వరసగా పెట్టుకున్నాను. "అక్కా, అసలేమైందంటే" అన్నాను.

"కూర్చో ముందు" అంది.

కూర్చున్నాను. అక్క ఇంకో పిన్ను తీసి డబ్బాలో వేసింది.

"లోపల్నించి విన్నాను. బయటికొచ్చి నిన్ను చంపేద్దామనుకున్నా. నోట్లో పిన్నులున్నాయి కాబట్టి బతికిపోయావు."

"తప్పయిపోయింది అక్కా."

"తర్వాత తెర తీశావు. వాళ్ళు నా మొహం చూస్తున్నార్రా. ఎవడు చేశాడా అని కాదు. అది తెలిసిపోయింది కదా. నేనేం చేస్తానా అని చూస్తున్నారు." ఇంకో పిన్ను తీసింది. "అలా ఎప్పుడూ చూళ్ళేదు. ఒక్కసారి కూడా."

నేను చూశానని చెప్పాను. ఈసారి నిజంగా చూశానని చెప్పాను. అక్క తలూపింది, నమ్మింది. నమ్మినా ఆవిడ మొహంలో సంతోషం కనబడలేదు.

"నాన్న ఎందుకు చెప్పొద్దన్నాడంటావు?"

"జనం చెప్పులేసుకుని పోతారని."

"జనానికేంరా, ఎక్కడి జనమైనా జనమే. నేను నిలబెట్టలేననుకున్నాడు. గుట్టు విప్పేస్తే, ఉత్త నా మొహం చూస్తూ ఎవరు కూర్చుంటారనుకున్నాడు."

కాదని చెప్పాలనిపించింది. నాన్నగారి గొంతు, ఆ తేల్చేసే తీరు గుర్తొచ్చి చెప్పలేకపోయాను. అక్క వాచిన వేళ్ళని ఒకదానితో ఒకటి నొక్కుకుంది.

"నీకెప్పుడూ అనిపించలేదా, చెప్పేద్దామని?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు నాకు. "అనిపించింది" అన్నాను. "రెండో ఏడాదే. ముందే చెప్పేస్తే ఎలా ఉంటుందా అని."

"మరి?"

"నాన్నగారు వద్దన్నారు కదా."

"నాన్న పోయి పంతొమ్మిదేళ్ళయింది."

నాన్నగారు పోయాక ఈ పంతొమ్మిదేళ్ళూ నోరు కట్టేసుకున్నది నేనే. ఆయన అనుకున్నదే నేనూ అనుకున్నాను. గుడ్డముక్క లేకపోతే అక్క అక్కడ ఒంటరిగా నిలబడి ఉంటుందని, ఎవరూ చూడరని, అది నేను చూడలేనని భయపడ్డాను. ఆ భయానికి నియమం అని పేరు పెట్టుకుని రోజులు వెళ్ళదీశాను. అదంతా అక్కకి చెప్పాను, ఉన్నదున్నట్టు, రెండు మూడు ముక్కల్లోనే. అక్క కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"నన్నొకసారి అడగాల్సిందిరా" అంది.

కింద గ్రంథాలయం మూసే వేళయిందని గుమాస్తా మెట్ల దగ్గర నుంచి కేకేశాడు. అయిదు నిమిషాలు ఆగమని చెప్పి వచ్చాను.

"పోనీ ఇంకొక్క ఆట వేద్దామా అక్కా. ఇలాగే. మొదట్లోనే చెప్పేస్తాను."

అక్క చివరి పిన్ను తీయబోయి, వేళ్ళు పట్టక, తల నా వైపు వంచింది. నేను తీశాను. విగ్గు కింద ఆవిడ సొంత జుట్టు పలచగా, చెమటకి తడిసి, తలకి అంటుకుపోయి ఉంది.

"ఇవాళే నిలబడలేకపోయాను. బల్ల పట్టుకున్నాను, చూళ్ళేదా నువ్వు" అంది. విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకుని, కాసేపు దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. "ఇవాళ్టిలా ముప్పై మూడేళ్ళు వేసేదాన్ని కదరా."

అవునన్నాను.